ఎనిమిదో తరగతి పాపకి 45 వేల కోడింగ్ కోర్సు కావాలా?

నల్గొండ వైపు నుంచి ఒక తల్లి అడిగారు. పాప జెడ్పీ హైస్కూల్లో ఎనిమిది చదువుతోంది, పక్కింట్లో ప్రైవేట్ స్కూల్ బాబు ఆన్‌లైన్లో కోడింగ్, ఏఐ నేర్చుకుంటున్నాడు, ఆ కోర్సు వాళ్ళు మాకూ ఫోన్ చేశారు, 45 వేలట, ఈఎంఐ పెడతారట, 2 వేలు బుకింగ్ కట్టేశాం, చేర్పించాలా, లేక ఫ్రీ కోర్సులు సరిపోతాయా అని.

అమ్మా, ఇలా అడిగేవాళ్ళందరికీ లోపల ఒకటే బాధ, సర్కారు బడిలో వేసి పిల్లకి అన్యాయం చేశామేమో అని. చెయ్యలేదు. మీకు ఫోన్ చేసినవాళ్ళకి ఈ భయం బాగా తెలుసు, దాన్ని పట్టుకునే మాట్లాడతారు.

ఈ వయసు కోడింగ్ కోర్సుల మీద నాకు మొదట్నుంచీ నమ్మకం తక్కువ. చాలావాటిలో చేయించేది స్క్రీన్ మీద బ్లాకులు జరపడమే, అదే పని చేసే స్క్రాచ్ అనే వెబ్‌సైట్ 2007 నుంచి ఫ్రీగానే ఉంది. చివర్లో ఇచ్చే సర్టిఫికెట్ చూసి పాలిటెక్నిక్‌లోనో బాసర ట్రిపుల్ ఐటీలోనో సీటు ఇవ్వరు. ఏఐ అని పేరు పెట్టినా కింద ఉండేది లెక్కలే కదా, భిన్నాలు, మైనస్ గుర్తులు దగ్గర తడబడే పిల్లకి ఏఐ క్లాస్ ఏం పనికొస్తుంది చెప్పండి.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. పక్కింటి బాబు గురించి అంత రాశారు, మీ పాపకి ఏది ఇష్టమో, ఏ సబ్జెక్టు కష్టమో ఒక్క ముక్క లేదు. తనని అడగకుండానే 2 వేలు కట్టేశారు. ఇది తప్పమ్మా.

ఫ్రీవి చాలు. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్షా అనే ప్రభుత్వ యాప్‌లో ఆ పాఠం వీడియోనే వస్తుంది, టీ-శాట్ విద్య అనే తెలంగాణ ప్రభుత్వ ఛానల్లో తెలుగులో చెప్తారు, లెక్కల్లో వెనకబడితే ఖాన్ అకాడమీలో ఆరో తరగతి నుంచి మళ్ళీ మొదలుపెట్టొచ్చు, ఎవరూ నవ్వరు. కేంద్రం ఫ్రీగా పెట్టిన ఆన్‌లైన్ కోర్సుల స్వయం పోర్టల్ సంగతి తొమ్మిదికి వచ్చాక చూద్దాం. అన్నీ ఒకేసారి వద్దు, ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ రాత్రి వాళ్ళ నాన్న వచ్చాకే దొరుకుతుందంటే ముప్పావు గంట, ఒక్క సబ్జెక్టు, నోట్‌బుక్ పక్కన పెట్టుకుని.

అసలు మీరు అడగాల్సింది ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష గురించి. ఎనిమిదో తరగతిలోనే రాయాలి, ప్రైవేట్ స్కూల్ పిల్లలకి లేదు, పక్కింటి బాబు రాయలేడు, మీ పాప రాయొచ్చు. కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు, ఏడో తరగతిలో 55 శాతం ఉండాలి, ఎస్సీ ఎస్టీలకి ఇంకో 5 తగ్గుతుంది. వస్తే ఏడాదికి 12 వేలు, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్ళు, అంటే 48 వేలు, మీరు అప్పు చేసి కడదామనుకున్న దానికన్నా ఎక్కువే మీ పాప ఇంటికి తెస్తుంది. ఆ పరీక్షలో వచ్చే మెంటల్ ఎబిలిటీకి ప్రాక్టీస్ కావాలంటే యూట్యూబ్‌లో తెలుగులోనే దొరుకుతుంది, మిగతాది హెడ్మాస్టర్ గారు చెప్తారు. బాసర ట్రిపుల్ ఐటీ అడ్మిషన్లలో కూడా సర్కారు బడి పిల్లలకి పదో తరగతి జీపీఏకి 0.4 కలుపుతూ వచ్చారు, అది చిన్న సాయం కాదు.

ఆ 2 వేల సంగతి. ఈరోజే క్యాన్సిల్ అని వాళ్ళకి మెయిల్ పెట్టండి, ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు. యూపీఐ యాప్‌లో ఆటోపే ఆన్ అయ్యుంటే తీసేయండి, ఇలాంటి ఆన్‌లైన్ చదువుల (ఎడ్‌టెక్) కంపెనీలకి ఆటో డెబిట్ ఇవ్వొద్దని కేంద్ర విద్యాశాఖే 2021 డిసెంబర్‌లో హెచ్చరించింది. లోన్ పేపర్ మీద సంతకం పెట్టారా లేదా అన్నది మీరు రాయలేదు, పెట్టి ఉంటే వెంటనే ఆ కాగితం ఫోటో పంపండి.