ఊరు నిర్మానుష్యమైందా, బోసిపోయిందా?

సందేహం: మాది జగిత్యాల దగ్గరి పల్లె. వయసులో ఉన్నవారిలో చాలామంది దుబాయికీ బొంబాయికీ వలసపోయినందున ఎన్నో ఇండ్లకు తాళాలు పడ్డవి. ముసలివారు, పిల్లలు కొందరు మిగిలారు. అటువంటి ఊరిని 'నిర్మానుష్యం' అనవచ్చునా? అసలు ఆ మాట సరైనదేనా?

సమాధానం: ముందు రూపం సంగతి చూద్దాం. 'మనుష్య' శబ్దానికి 'నిర్' చేరితే ఏర్పడేది 'నిర్మనుష్యం'. 'మానుష్యం' అంటే మనిషితనం గనుక, దీర్ఘంతో రాసినప్పుడు వ్యుత్పత్తిని బట్టి మనిషితనం లేనిదన్న అర్థం రావలసి ఉంటుంది. అయినా పత్రికల్లోనూ కథల్లోనూ దీర్ఘరూపమే స్థిరపడిపోయింది కాబట్టి దానిని తప్పని నేను కొట్టివేయను. శాస్త్రీయంగా రాయదలచినవారికి 'నిర్మనుష్యం', 'నిర్జనం', 'విజనం' ఉండనే ఉన్నవి. (ఈ చివరి మాటకు దీర్ఘమిస్తే మాత్రం 'వీజనం', అంటే విసనకర్ర, అవుతుంది.)

అయితే వీటిలో ఏదీ మీ ఊరికి తగదు. 'నిర్' అన్నది పూర్తిగా లేకపోవడాన్ని చెబుతుంది. అర్ధరాత్రి హనుమకొండ చౌరస్తాలో ఎవరూ తిరగకపోతే ఆ వేళకు అది నిర్జనమే; ఒక్క ముసలమ్మ పొద్దుగూకిన తర్వాత గడపలో దీపం పెట్టినా ఆ పల్లె నిర్జనం కాదు. నిజాం కాలపు రెవెన్యూ లెక్కల్లో ఎవరూ నివసించని గ్రామాన్ని 'బేచిరాగ్' అని రాసేవారు. ఫారసీలో 'బే' అంటే లేని, 'చిరాగ్' అంటే దీపం. దీపం పెట్టే దిక్కు లేదని మనం అనుకొనే మాటే అక్కడ లెక్కల పుస్తకానికి ఎక్కింది. ఎన్నడో జనం విడిచిపోయిన పాత ఊరి చోటుకైతే మనకు 'పాటిగడ్డ' అన్న చక్కని పేరున్నది.

మీరు వెతుకుతున్న మాట, నా దృష్టిలో, 'బోసిపోవడం'. పండ్లూడిన నోరు బోసినోరు, నగ లేని మెడ బోసిమెడ. నోరూ మెడా ఉన్నవి, వాటిలో ఉండవలసినవి లేవు. మనుషులు కొందరు మిగిలి, ఉండవలసినవారు లేని ఊరిని ఇంత సరిగ్గా పట్టిచ్చే మాట సంస్కృత సమాసాల్లో నాకు కనబడలేదు. నివేదిక వంటిది రాస్తున్నట్లయితే 'జనం పలుచబడ్డారు' అంటే చాలును. 'పాడుబడ్డది' అని మాత్రం రాయకండి. కప్పు కూలి గోడలు ఒరిగిన ఇంటికి ఆ మాట తగును గాని, బతుకమ్మ పండుగకు వచ్చి తాళం తీసే ఇంటికి తగదు.