గోరు చూడకుండానే మందు చెప్పేవాళ్లు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. అమ్మగారి రెండు కాళ్ల బొటనవేళ్ల గోళ్లు పసుపుపచ్చగా మారి, మందమై, అంచుల్లో పొడి రాలుతున్నాయి. ఆమెకు షుగర్ ఉంది. వెనిగర్‌లో కాళ్లు నానబెడితే నెల రోజుల్లో కొత్త గోరు వస్తుందని మీ అక్క ఒక వీడియో పంపింది. నమ్మవచ్చా అని అడుగుతున్నారు.

వద్దు. షుగర్ ఉన్నవారి కాళ్లకు అసలే వద్దు. ఇక్కడితో ఆపేయవచ్చు గానీ, ఇదే దారిలో తొమ్మిది నెలలు కుంటుకుంటూ నడిచి వచ్చినవాణ్ణి కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను.

నేను కాజీపేటలో రైల్వే షెడ్డులో పనిచేస్తాను. డ్యూటీ ఉన్నంతసేపు కాళ్లకు బరువైన బూట్లు. మన దగ్గరి ఎండల సంగతి తెలిసిందే, మే నెలలో సాయంత్రం బూటు విప్పితే సాక్సు పిండుకోవచ్చు. ఫంగస్‌కు అంతకన్నా ఏం కావాలి? ఎడమ బొటనవేలి గోరు మూలన మొదట తెల్లని మచ్చ, తర్వాత పసుపు రంగు, ఆ తర్వాత గోరు కింద సున్నంలాంటి పొడి. మా అమ్మ చూసి, "పిప్పిగోరురా, గోరింటాకు పెట్టు" అంది. నేను చదువుకున్నవాణ్ణి కదా, అమ్మ మాట పక్కన పెట్టి ఫోను తెరిచాను.

రెండు వీడియోలు చూశానో లేదో, ఆ తర్వాత నెలల తరబడి నా ఫోను నిండా పాదాలే. నిమ్మరసంలో వంటసోడా కలిపి రాశాను. వెనిగర్‌లో నానబెట్టాను. ఒకరు వెల్లుల్లి నూరి గోరు మీద పెట్టి రాత్రంతా కట్టుకోమన్నారు. తెల్లారి కట్టు విప్పితే గోరు చుట్టూ బొబ్బలు. గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. నాలుగు రోజులు బూటు వేసుకోలేక సెలవు పెట్టాను. ఆ వీడియో కింద మాత్రం ధన్యవాదాలు చెప్పేవారి వరుసే. వాళ్లలో ఎంతమంది నిజంగా వెల్లుల్లి కట్టుకున్నారో దేవుడికే తెలియాలి.

చివరికి అమ్మ మాటే విని గోరింటాకు కూడా పెట్టుకున్నాను. సరిగ్గా ఆ వారంలోనే చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. ఆయన ఎర్రగా పండిన నా గోరును చూసి నవ్వి, రంగు కనబడకపోతే నేనేం చూడాలయ్యా అన్నారు. మీరు అమ్మగారిని తీసుకెళ్లేముందు గోరింటాకు, గోళ్ల రంగు, అంగట్లో కొన్న ఫంగస్ క్రీములు ఏవీ పెట్టనివ్వకండి. క్రీము రాసి ఉంటే పరీక్షలో ఫంగస్ ఉన్నా దొరకకపోవచ్చు.

పరీక్ష అన్నాను కదా, నాకు అసలు కళ్లు తెరిపించింది అదే. గోరు ముక్క కత్తిరించి, కింది పొడి గీకి తీసి, పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి మైక్రోస్కోపులో చూస్తారు. దాని ఫలితం త్వరగానే తెలుస్తుంది. అదే పొడిని కల్చర్‌కు, అంటే ల్యాబులో ఫంగస్‌ను పెంచి చూసే పరీక్షకు పంపితే మూడు, నాలుగు వారాలు పడుతుంది. నా రిపోర్టులో ట్రైకోఫైటాన్ రూబ్రమ్ అని వచ్చింది, కాలిగోళ్లలో ఎక్కువగా దొరికే ఫంగస్ అదేనట.

అంతకన్నా విచిత్రం మా తమ్ముడిది. కరీంనగర్‌లో ఉంటాడు. వాడి చేతిగోళ్లు కూడా నా గోరులాగే పసుపు రంగుకు తిరిగి, చివర్లలో పైకి లేచాయి. నేను పంపిన వీడియోలే వాడూ చూశాడు. (అవును, పంపినవాణ్ణి నేనే, మీ అక్కను తప్పుపట్టే అర్హత నాకు లేదు.) మందుల దుకాణంలో అడిగి ఫంగస్ మాత్రలు కొని వారాల తరబడి మింగాడు. వెంట్రుకవాసి మార్పు లేదు. చివరికి వైద్యురాలు గోళ్ల మీద సూదితో గుచ్చినట్టున్న చిన్న గుంటలు చూసి, మోచేతులు చూపించమని, తలలో ఎక్కడైనా పొలుసులు రాలుతున్నాయా అని అడిగారట. అది సోరియాసిస్ అనే చర్మవ్యాధి. ఫంగస్ కానే కాదు. ఇద్దరం అన్నదమ్ములం, గోళ్లూ ఒకేలా కనబడ్డాయి, జబ్బులు మాత్రం వేరు.

ఇలా పాడైన గోళ్లలో దాదాపు సగం మాత్రమే ఫంగస్ వల్ల వచ్చినవని వైద్యులు చెబుతారు. మిగతావి సోరియాసిస్ కావచ్చు, ఇరుకు చెప్పుల ఒత్తిడి కావచ్చు, పాత దెబ్బ కావచ్చు. గోరు ఆకుపచ్చగా ఉంటే అది తరచుగా బ్యాక్టీరియా పని. గోరు కింద నల్లని చార పుట్టి వెడల్పవుతుంటే ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి, అరుదుగానే అయినా అది క్యాన్సర్ కావచ్చు. నేను చూసిన వీడియోల్లో ఒక్కటి కూడా "ముందు ఇది ఫంగసేనా?" అని అడగలేదు. నాకు వాటి మీద ఉన్న పెద్ద ఫిర్యాదు ఇదే. వెనిగర్ కన్నా, వెల్లుల్లి కన్నా పెద్దది.

ఇక "నెల రోజుల్లో" అన్న మాట. కాలిగోరు నెలకు సుమారు 1.5 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అంటే బియ్యపు గింజ మందం. బొటనవేలి గోరు పూర్తిగా కొత్తది రావడానికి 12 నుంచి 18 నెలలు. ఫంగస్ చచ్చినా పాడైన గోరు తిరిగి తెల్లబడదు, అది పెరిగి, మనం కత్తిరించి పారేయాల్సిందే. అలాంటప్పుడు నెలలో మెరిసే గోరు ఎక్కడి నుంచి వస్తుంది? ఒక వీడియోను ఆపి ఆపి చూశాను. ముందు ఫొటోలో కుడి కాలు, తర్వాతి ఫొటోలో ఎడమ కాలు!

చిట్కాలన్నీ గాలిమాటలని కూడా అనను. విక్స్ రాస్తే పోతుందని శాస్త్రవేత్తలే తేల్చారని ఒక వీడియో చెప్పింది. వెతికితే నిజంగానే 2011లో ఒక చిన్న అధ్యయనం అచ్చయింది. అందులో ఉన్నది 18 మంది, రాసింది 48 వారాలు, పూర్తిగా నయమైంది ఐదుగురికి. పది మందికి కొంత మెరుగు, ముగ్గురికి ఏమీ లేదు. వీడియోలో ఈ అంకెలు ఒక్కటీ లేవు.

నాకు రక్తపరీక్షతో కాలేయం సరిగా ఉందని చూశాక టెర్బినాఫిన్ అనే ఫంగస్ మందు 250 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి, 12 వారాలు ఇచ్చారు. కోర్సు అయిపోయినా గోరు సగం పసుపుగానే ఉంది, డబ్బులు పోయాయనుకున్నాను. మందు గోరులోనే కొన్ని నెలలు నిలుస్తుంది, ఓపిక పట్టమన్నారు. ఏడాది దాటాక శుభ్రపడింది, ఒక మూల కాస్త వంకర మాత్రం మిగిలింది. ఇదే మాత్ర అందరికీ పనిచేయదు, కొందరికి తిరగబెడుతుంది. ఇప్పుడు రెండు జతల బూట్లు మార్చి మార్చి వేసుకుంటాను. ఇంటిల్లిపాదికీ ఒకటే ఉన్న గోళ్ల కత్తెర నుంచి నాది వేరు చేశాను.

ఇంకొక మాట. వేళ్ల సందుల్లో దురద ఉందని దుకాణంలో అడిగితే కొన్నిచోట్ల స్టెరాయిడ్ కలిసిన క్రీము చేతిలో పెడతారు. దురద రెండు రోజుల్లో తగ్గుతుంది, ఫంగస్ మాత్రం హాయిగా పాకుతుంది.

అమ్మగారి విషయం. షుగర్ ఎక్కువకాలం ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. నాకైతే వెల్లుల్లి మంట తెల్లారేసరికైనా తెలిసింది, ఆమెకు తెలియకపోవచ్చు. ఆ చిన్న పుండే పెద్దదవుతుంది. మందమైన గోళ్లను ఆమెను సొంతంగా లోతుగా కత్తిరించుకోనివ్వకండి. చికిత్స మానేయడం కూడా మంచిది కాదు, గోరు పక్కన చర్మం చిట్లితే బ్యాక్టీరియాకు అదే ద్వారం. వెళ్లేటప్పుడు ఆమె వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. కొలెస్ట్రాల్ మాత్రల్లో కొన్ని ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందుతో పడవు, గుండె బలహీనంగా ఉన్నవారికి కూడా ఆ మందు ఇవ్వరు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. మీకు దగ్గర్లో చర్మ వైద్యులు ఎవరున్నా ఫరవాలేదు, గోరు పరీక్ష చేయించమని మాత్రం మీరే అడగండి.

తెలుగులో మంచి వీడియోలు పెట్టే చర్మ వైద్యులు కూడా ఉన్నారు. అవి పొడవుగా, చప్పగా ఉంటాయి, నెలలు పడుతుందని చెబుతాయి, కింద నూనె సీసా కొనమని లింకు ఉండదు. అందుకే మీ అక్క దాకా చేరవు. ఆమెతో వాదం పెట్టుకోకండి. ఆ వీడియోలోని రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి, ఏది ఏ కాలో చెప్పమనండి.