రాక్ అనే మాట వినబడేదాకా

ప్రశ్న: నా వయసు 22 ఏళ్లు, బరువు 76 కిలోలు. రెండేళ్లుగా జిమ్‌లో స్క్వాట్ (బార్‌ను భుజాల మీద మోస్తూ కిందికి దిగి లేవడం), బెంచ్ ప్రెస్ (బల్ల మీద పడుకుని బార్‌ను ఛాతీ నుంచి పైకి నెట్టడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ను ఎత్తి నిటారుగా నిలబడటం) చేస్తున్నాను. స్క్వాట్‌లో 160 కిలోల వరకు ఎత్తాను. ఇంకో ఎనిమిది వారాల్లో జరిగే జిల్లా పవర్‌లిఫ్టింగ్ పోటీలో మొదటిసారి పాల్గొంటున్నాను. 74 కిలోల విభాగం కోసం బరువు తగ్గమంటారా? మొదటి ప్రయత్నంలో ఎంత బరువు అడగాలి? చివరి వారాల్లో సాధన ఎలా ఉండాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ముందుగా ఆ 160 కిలోల సంగతి తేల్చుకుందాం. అంతర్జాతీయ పవర్‌లిఫ్టింగ్ సమాఖ్య నిబంధనల ప్రకారం, స్క్వాట్‌లో కిందికి దిగినప్పుడు తుంటి దగ్గర తొడ పైభాగం మోకాలి పైభాగం కన్నా కిందికి చేరాలి. జిమ్‌లో బరువు పెరిగేకొద్దీ లోతు తగ్గిపోవడం సర్వసాధారణం; చేసేవారికి అది తెలియదు, చుట్టూ చేరి కేకలు వేసే స్నేహితులు చెప్పరు. సెల్‌ఫోన్‌ను మోకాలి ఎత్తులో, సరిగ్గా పక్క నుంచి ఉంచి ఒకసారి వీడియో తీయించుకోండి. మీ 160 నిజానికి 150 అని తేలినా దిగులుపడకండి, ఎందుకంటే ఇప్పటి నుంచి లెక్కలన్నీ ఆ నిజమైన అంకె మీదనే కట్టాలి.

రెండవ సంగతి ఆజ్ఞలు. స్క్వాట్‌లో బార్‌ను భుజాల మీదికి తీసుకుని, మోకాళ్లు బిగించి కదలకుండా నిలబడితేనే ప్రధాన రిఫరీ ‘స్క్వాట్’ అంటారు. లేచి నిలబడిన తరువాత ‘రాక్’, అంటే బార్‌ను తిరిగి కొక్కేల మీద పెట్టమని, అనేదాకా పాదం కదపకూడదు. బెంచ్ ప్రెస్‌లో ‘స్టార్ట్’, ‘ప్రెస్’, ‘రాక్’ అని మూడు ఆజ్ఞలుంటాయి. బార్ ఛాతీకి తాకి నిశ్చలంగా ఆగితేనే ‘ప్రెస్’ వస్తుంది కనుక, ఛాతీ మీద తాకించి వెంటనే ఎగరేసే అలవాటు ఉన్నవారు అక్కడే చిక్కుకుంటారు. తల, భుజాలు, పిరుదులు బల్లను, పాదాలు నేలను వదలకూడదు. డెడ్‌లిఫ్ట్‌కు మొదలుపెట్టమనే ఆజ్ఞ లేదు. నిటారుగా నిలబడ్డాక ‘డౌన్’ అనే వరకు ఆగి, రెండు చేతులతో పట్టు వదలకుండా బార్‌ను నేలకు దించాలి. ముగ్గురు రిఫరీలలో కనీసం ఇద్దరు తెల్ల దీపం వెలిగిస్తేనే ఆ ప్రయత్నం చెల్లుతుంది. నా మొదటి పోటీలో నేను బెంచ్ మీద బరువును సునాయాసంగా నెట్టి, ఆ సంతోషంలో ‘రాక్’ వినకుండానే బార్‌ను కొక్కేల మీద పెట్టేశాను. మూడూ ఎర్ర దీపాలే. అందుకే ఈ ఎనిమిది వారాలూ, వారానికి ఒక్కరోజైనా, స్నేహితుడొకరిని ఎదురుగా నిలబెట్టి ఆజ్ఞలు ఇప్పించుకుంటూ సాధన చేయండి. అప్పుడప్పుడు కావాలని ఆలస్యంగా ఇమ్మని కూడా చెప్పండి.

బరువు విభాగం విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను: మొదటి పోటీకి బరువు తగ్గవద్దు. 74 దాటిన మీరు 83 కిలోల విభాగంలోకి వస్తారు, అక్కడే పాల్గొనండి. పోటీకి రెండు గంటల ముందు మొదలయ్యే తూకం కోసం నీళ్లు మానేసి, చెమట పట్టించుకుని వస్తే, పోగొట్టుకున్న నీరు ఒంటికి తిరిగి పట్టకముందే బార్ కింద నిలబడవలసి వస్తుంది. తూకం అయ్యాక అలవాటైన తిండే తినండి. ఇడ్లీ, అరటిపండు, ఉప్పు వేసిన మజ్జిగ చాలు.

ఒక్కో లిఫ్ట్‌కు మూడు ప్రయత్నాలుంటాయి, వాటిలో ఉత్తమమైన వాటిని కూడితే మీ మొత్తం వస్తుంది. ఒకసారి అడిగిన బరువు విఫలమైనా దానిని తగ్గించుకునే వీలు లేదు; ఒకే లిఫ్ట్‌లో మూడూ పోతే మొత్తమే లేకుండా పోతుంది. కాబట్టి నిద్ర చాలని రోజున కూడా మూడుసార్లు ఎత్తగలనన్న బరువునే మొదట అడగాలి. మీ నిజమైన స్క్వాట్ 150 అనుకుంటే మొదట 135, తరువాత 142.5, చివరికి 150 లేదా 152.5 సబబుగా ఉంటాయి. మొదటి ప్రయత్నంలో పౌరుషానికి పోయి ఆనక కూర్చుని చూసిన కుర్రవాళ్లను ప్రతి పోటీలోనూ చూస్తుంటాను. బార్ 20 కిలోలు, బిళ్లలు జారకుండా బిగించే రెండు కాలర్లు కలిపి 5 కిలోలు అని గుర్తుంచుకుని, వార్మప్ గదిలో లెక్క తప్పకుండా చూసుకోండి.

ఇక చివరి వారాలు. బాగా బరువైన డెడ్‌లిఫ్ట్‌ను పోటీకి పది, పన్నెండు రోజుల ముందే ముగించండి, ఎందుకంటే దాని అలసట నడుమును ఆలస్యంగా వదులుతుంది. స్క్వాట్‌కు వారం పైగా, బెంచ్‌కు ఐదారు రోజులు విశ్రాంతి చాలు. చివరి వారంలో తేలిక బరువులతో కదలికను మాత్రం గుర్తు చేసుకోండి. కొత్త బూట్లు, కొత్త బెల్టు, కొత్త భంగిమ అప్పుడు పనికిరావు. బెల్టు వెడల్పు 10 సెంటీమీటర్లు, మందం 13 మిల్లీమీటర్లు మించకూడదు. డెడ్‌లిఫ్ట్‌కు మోకాలి దాకా వచ్చే పొడవు మేజోళ్లు తప్పనిసరి, చాలామంది మరిచిపోయేది అదే.

ప్రశ్న: పవర్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లో ఉందా? మల్లీశ్వరిగారు ఆడినది ఇదే కదా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: కాదమ్మా. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి కాంస్యం గెలిచినది వెయిట్‌లిఫ్టింగ్‌లో. అందులో స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ ఉంటాయి, రెండింటిలోనూ బార్ తల మీదికి వెళ్లాలి. పవర్‌లిఫ్టింగ్ ఒలింపిక్స్‌లో లేదు. పారాలింపిక్స్‌లో మాత్రం ఆ పేరుతో బెంచ్ ప్రెస్ ఒక్కటే ఉంది.

ప్రశ్న: నా వయసు 31 ఏళ్లు. డెడ్‌లిఫ్ట్‌లో నడుము, కాళ్లు సహకరిస్తున్నాయి కానీ 100 కిలోలు దాటితే బార్ వేళ్ల నుంచి జారిపోతోంది. పోటీలో స్ట్రాప్స్ (మణికట్టుకు తగిలించి బార్‌కు చుట్టే పట్టీలు) కట్టుకోనిస్తారా?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: పోటీలో స్ట్రాప్స్ నిషేధం, సుద్దపొడి మాత్రం రాసుకోవచ్చు. ఒక అరచేయి మీ వైపుకు, రెండవది బయటి వైపుకు తిప్పి పట్టుకుంటే బార్ దొర్లిపోకుండా ఆగుతుంది. అయితే బయటికి తిప్పిన చేతి మోచేతిని ఏమాత్రం వంచి లాగకండి, కండ తెగే ప్రమాదం ఆ చేతికే ఉంటుంది. బొటనవేలిని బార్‌కు చుట్టి మిగతా వేళ్లతో దాని మీద బిగించే హుక్ పట్టు రెండవ దారి. మొదటి కొన్ని వారాలు బొటనవేలు బాగా నొప్పి పెడుతుంది కాబట్టి, దానిని 60 కిలోల నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా పెంచండి. అన్నింటికన్నా ముందు, బార్‌ను అరచేతి మధ్యలో కాక వేళ్ల మొదట్లో పట్టుకుంటున్నారా అన్నది చూసుకోండి. అరచేతి మధ్యలో పట్టుకుంటే బరువు పడగానే బార్ ఎలాగూ వేళ్లలోకి జారుతుంది, ఆ జారుడులోనే మీ పట్టు విడిపోతూ ఉండవచ్చు.