కావలి అంబాసిడర్: మూడో సిలిండర్ సంగతి

అన్నా, ఏళ్ళ తరబడి కావలిలో ఆగున్న మీ నాన్నగారి అంబాసిడర్ నీలం పొగ కక్కుతోందని, మూడో సిలిండర్‌లో కంప్రెషన్ (పిస్టన్ నొక్కితే లోపల పుట్టే ఒత్తిడి) పడిపోయిందని, మెకానిక్ ఇంజన్ మార్చేయమన్నాడని రాశారు. తొందరపడొద్దు, డీజిల్ ఇంజన్ ఎక్కిస్తామనే వాళ్ళ మాట అసలు వినొద్దు.

స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్ళీ కంప్రెషన్ గేజి పెట్టండి. రీడింగ్ బాగా పెరిగితే తేడా బోరులోనో (సిలిండర్ లోపలి గోడ), పిస్టన్ చుట్టూ ఉండే రింగుల్లోనో. కదల్లేదంటే వాల్వులు, హెడ్ కింది గాస్కెట్ చూసుకోవాలి.

పెరిగితే హెడ్ (సిలిండర్ల పైమూత) విప్పండి. ఉప్పుగాలికి రింగులు ఆగిన చోట తుప్పు గీత పడుంటుంది. దానిమీద గోరు లాగండి. గోరు గీతలో చిక్కుకుందా, హోనింగ్‌తో (గోడని పైపైన రాపిడి పెట్టడం) పోదు. 1489 సీసీ ఇంజన్ అయితే అసలు బోరు సుమారు 73 మి.మీ. నాలుగు సిలిండర్లూ ఒకే ఓవర్‌సైజుకి (అసలు కంటే కాస్త పెద్ద కొలత) బోరింగ్ చేయించండి. గీత మరీ లోతైతే ఆ ఒక్కదానికి స్లీవ్ (లోపల బిగించే కొత్త గొట్టం) దిగ్గొట్టి స్టాండర్డ్‌కి, అంటే అసలు కొలతకి తేవచ్చు. పిస్టన్లు చేతికొచ్చాకే బ్లాకు ఒంగోలుకో నెల్లూరుకో పంపండి; వాటిని కొలిచే క్లియరెన్స్ (పిస్టన్‌కీ గోడకీ మధ్య ఖాళీ) పెట్టాలి.