ఏఐ కోర్సా, లివర్ రీసెర్చా?

ప్రశ్న: మా అమ్మాయి బీఫార్మసీ ఆఖరి సంవత్సరం. కండరాలు ఎలా పనిచేస్తాయి, కణాల బయోఫిజిక్స్, మందుల వల్ల లివర్ దెబ్బతినడం... వీటిలో ఏదో ఒకదాని మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. మా బావమరిది ‘ఏఐ డ్రగ్ డిస్కవరీ’ ఆరు నెలల ఆన్‌లైన్ కోర్సు చేయిస్తే వెంటనే ప్యాకేజీ వస్తుందంటున్నాడు. పీహెచ్‌డీ అయ్యేసరికి దానికి ముప్ఫై దగ్గర పడుతుంది. ఆ మూడింటిలో దేనికి స్కోప్ ఉందో, ఏఐతో పోల్చి చెప్పగలరు. – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: పోల్చి చెబుతాను గానీ, మీ అసలు టెన్షన్ ‘ముప్ఫై దగ్గర పడుతుంది’ అన్న చోట ఉందండీ. బీఫార్మసీ, బయోటెక్ పిల్లల తల్లిదండ్రులు ఏటా ఇదే అడుగుతారు. కొడుకు గురించి అడిగేటప్పుడు మాత్రం ఈ వయసు లెక్క ఎవరూ తీయరు. పెళ్లి గురించి భయమైతే పెళ్లి గురించే అడగండి, స్కోప్ మీద పెట్టకండి. పీహెచ్‌డీ మధ్యలో పెళ్లిళ్లయి, పిల్లల్ని కని, థీసిస్ ఇచ్చినవాళ్లు బోలెడుమంది. మహిళా స్కాలర్లకు 240 రోజుల వరకు ప్రసూతి సెలవు యూజీసీ నిబంధనల్లోనే ఉంది. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. డబ్బు కోసం మీ మీద ఆధారపడే పరిస్థితి రాదు.

ఇక ఏఐ. అది ఉత్తదని నేననను. ప్రొటీన్ల ఆకారం అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐని తయారుచేసినవాళ్లకు 2024లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. అయితే అది నేర్చుకున్నది ఎక్కడి నుంచి? 1971 నుంచి శాస్త్రవేత్తలు ల్యాబుల్లో కూర్చుని ఒక్కొక్కటిగా తేల్చి, ప్రొటీన్ డేటా బ్యాంక్‌లో చేర్చిన ఆకారాల నుంచి. లివర్ విషయంలో అంత నమ్మకమైన ఖజానా లేదు.

పారాసిటమాల్‌నే తీసుకోండి. మోతాదు మించితే లివర్‌ను చంపేది నేరుగా ఆ మందు కాదు. లివర్ ఎంజైములు దాన్ని మార్చినప్పుడు పుట్టే ‘నాప్‌క్వీ’ అనే పదార్థం. ల్యాబుల్లో తేలిగ్గా పెరిగే హెప్‌జీ2 అనే లివర్ కణాల్లో ఆ ఎంజైములు బాగా తక్కువ. కాబట్టి విషం సరిగా పుట్టదు, కణాలు నిక్షేపంగా ఉంటాయి, ఎక్సెల్ షీట్‌లో ‘సేఫ్’ అని పడుతుంది. పోనీ మనిషి లివర్ నుంచి తీసిన కణాలే వాడదామంటే, ప్లాస్టిక్ డిష్‌లో పెట్టిన కొద్దిరోజులకే వాటి ఎంజైములు పడిపోతాయి. ఇలాంటి షీట్లు మేపిన ఏఐ మోడల్ ఏం జోస్యం చెబుతుంది? అందులో తప్పెక్కడుందో పట్టుకోవాలంటే ఆ డిష్ చేత్తో పట్టుకుని ఉండాలి. ట్రోగ్లిటజోన్ అనే షుగర్ మందు పరీక్షలన్నీ దాటుకుని 1997లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది, లివర్లు పాడవుతున్నాయని 2000లో వెనక్కి పోయింది. మన దగ్గర టీబీ మందులకు కామెర్లు వచ్చి, చికిత్స మధ్యలో ఆపాల్సి వచ్చే రోగులు ఎంతమందో ఏ ఛాతీ డాక్టర్‌నైనా అడగండి. అమ్మాయికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పించండి, సంతోషమే. సాయంత్రాలు కూర్చుని నేర్చుకోగలిగిన దానికోసం చదువు దారి మార్చక్కర్లేదు. పైగా ప్యాకేజీ వస్తుందన్న మీ బావమరిది, ఆ కోర్సు చేసి ఉద్యోగంలో చేరిన ఒక్క పిల్లనైనా చూపించాడా?

పోలిక చెబుతానన్నాను కదా. బీఫార్మసీకి దగ్గరి దారి టాక్సికాలజీ, అంటే మందుల విషప్రభావాల చదువు. లివర్ దెబ్బతినడం అందులోదే. హైదరాబాద్ బాలానగర్‌లోని నైపర్ అనే ఫార్మసీ విద్యాసంస్థ లాంటి చోట పీజీ చేస్తే, పీహెచ్‌డీ వద్దనుకున్నా మందుల భద్రత చూసే ఉద్యోగాలు హైదరాబాద్‌లోనే ఉంటాయి. కణాలను ఫిజిక్స్ లెక్కలతో చదివే బయోఫిజిక్స్ అలా కాదు. బైపీసీతో వచ్చిన పిల్లకు అక్కడ లెక్కలు, ఫిజిక్స్ అడ్డం పడతాయి. దాటలేనిదేం కాదు గానీ ఒక ఏడాది గట్టిగా కూర్చోవాలి. కండరాల మీద పనిచేసే ల్యాబులు తక్కువే. అలాగని చిన్నచూపు చూడకండి. మన దేశంలో సుమారు 4 శాతం మందిలో గుండె కండరపు ప్రొటీన్ జన్యువులో ఒక లోపం ఉందని, అది గుండె జబ్బు ముప్పు పెంచుతుందని 2009లో బయటపెట్టిన బృందంలో హైదరాబాద్‌లోని మన సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్లున్నారు. గుండె కండరాలను ముడుచుకునేలా చేసే మయోసిన్ అనే ప్రొటీన్ జోరు తగ్గించే మావకాంటెన్ అనే మందుకు 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది.

అసలు వీటిని మూడు దారులుగా విడగొట్టిందే మీరు. మన ఆసుపత్రుల్లో ఫైబ్రోస్కాన్ చేస్తారు చూడండి, అది కొలిచేది లివర్ ఎంత గట్టిపడిందనే. అలా గట్టిపరిచే స్టెల్లేట్ అనే లివర్ కణాలు కండరంలో ఉండే యాక్టిన్, మయోసిన్ ప్రొటీన్ల జోడీతోనే ముడుచుకుంటాయి. గట్టి ఉపరితలం మీద పెంచితే ఇంకా రెచ్చిపోతాయి. లివర్, కండరం, బయోఫిజిక్స్ మూడూ అక్కడే కలిశాయి. మీ అమ్మాయి ఈ మూడింటి పేర్లూ ఒకేసారి చెప్పిందంటే తికమకపడి కాదు, బాగానే చదివి ఉంటుంది. నాకైతే ఆమె గురించి బెంగ లేదు.

ప్రవేశ పరీక్షల సంగతి ఆమెకు తెలిసే ఉంటుంది. ఇప్పుడే పీహెచ్‌డీ అని మాటివ్వక్కర్లేదు. ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టు బయట ల్యాబ్‌లో చేయడానికి కాలేజీ అనుమతి అడగమనండి. కణాలు పెంచే పని నెలల తరబడి, ఆదివారాలు కూడా చూసుకోవాల్సిన పని. అది నచ్చిందో లేదో ఆమెకే తెలిసిపోతుంది. ల్యాబులకు మెయిల్ పెట్టేటప్పుడు వాళ్ల పేపర్ ఒకటి చదివి, అందులో తనకు అర్థం కానిది ఏమిటో రెండు వాక్యాల్లో రాయమనండి. ఆ మెయిల్ మాత్రం మీరు రాయకండి. తండ్రి రాసిన మెయిల్ మొదటి లైన్‌లోనే తెలిసిపోతుంది, జవాబూ రాదు.