జమ వైపు కూడా రాయి

చిత్తూరు,
ఆదివారం

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. "ఈ సంవత్సరం చెప్పుకోదగ్గ పని ఒక్కటీ చేయలేదు పెద్దమ్మా" అన్న వాక్యం దగ్గర ఆగి, ఉత్తరమంతా మళ్లీ మొదటి నుంచి చదివాను. ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్‌లో 150కి 112 మార్కులు వచ్చిన సంగతిని మీ అమ్మ జలుబుకూ గది అద్దె పెరగడానికీ మధ్య ఇరికించావు. శ్రీవారి మెట్టు దారిన నడిచి తిరుమల కొండెక్కిన మాట చివర ఒక మూలన రాశావు. పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకొని చేసే తీసివేతలు ఎంతకీ అంతుపట్టని నీ బడిలోని నాలుగో తరగతి పిల్లవాడు ఇప్పుడు వాటిని తనంతట తానే చేస్తున్నాడన్న విషయాన్నయితే, చెప్పవచ్చునో లేదో అన్నట్టు, కుండలీకరణాల్లో పెట్టావు. ప్రభుత్వ ఉపాధ్యాయుల నియామక పరీక్ష డీఎస్సీలో ఉద్యోగం రాలేదన్న సంగతికి మాత్రం రెండు పేజీలు కేటాయించావు. ఆ రెండు పేజీలు ఎక్కువని నేను అనను. 16,347 పోస్టులతో 2025లో వచ్చిన ఆ డీఎస్సీ కోసం నువ్వు ఎన్ని రాత్రులు మేలుకొని చదివావో మీ అమ్మ చెప్పగా విన్నాను, ఆ బాధకు తగిన చోటు ఉండవలసిందే. నా అభ్యంతరం మిగిలిన మూడింటికీ చోటు లేకపోవడం గురించే.

తపాలా కార్యాలయంలో పొదుపు ఖాతాల కౌంటర్‌లో ఉద్యోగం చేసిన దాన్ని కనుక, నాకు తెలిసిన పద్ధతిలోనే చెబుతాను. సాయంత్రం లెక్క ముగించేటప్పుడు జమ, ఖర్చు రెండు వైపులా రాస్తేనే నిల్వ తేలుతుంది. ఖర్చు వైపు మాత్రమే నింపి, పెట్టెలో ఏమీ మిగలలేదని చెప్పే గుమాస్తాను ఏ పోస్టుమాస్టరూ ఇంటికి వెళ్లనివ్వడు. నీ సంవత్సరాన్ని నువ్వు ఆ గుమాస్తా రాసినట్టే రాసుకున్నావు.

ఇందులో నీ స్వభావ దోషమేమీ లేదు, మనిషి మనసు తీరే అంత. కోరుకున్నది దక్కినా కొద్దికాలానికే దానికి అలవాటు పడి, సంతోషంలో మళ్లీ పాత మట్టానికి చేరుకుంటామని బ్రిక్‌మన్, క్యాంప్‌బెల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1971లోనే రాశారు. మంచి అనుభవం కంటే చెడు అనుభవం మనసులో గట్టిగా నాటుకుంటుందని 2001లో రాయ్ బామైస్టర్, ఆయన సహచరులు ఎన్నో అధ్యయనాలను ఒకచోట చేర్చి చూపించారు. టెట్ ధ్రువపత్రం ఇప్పుడు జీవితకాలం చెల్లుతుంది, ఆ పరీక్షను నువ్వు మళ్లీ రాయవలసిన అవసరం లేదు, ఎన్ని డీఎస్సీలు వచ్చినా ఆ మార్కులకు తగిన వెయిటేజీ నీతోనే ఉంటుంది. అయినా ఫలితం వచ్చిన వారానికే అది నీకు పాత సంగతి అయిపోయింది. చేదు దానంతట అదే గుర్తుంటుంది, తీపిని మాత్రం పనిగట్టుకొని రాసిపెట్టుకోవాలి.

కాబట్టి ఒక నోటుపుస్తకం కొనుక్కో. వారానికి ఒక్కసారి, ఆదివారం సాయంత్రం, ఆ వారంలో నీ చేతి మీదుగా జరిగిన మంచి పనులూ నీకు దొరికిన సంతోషాలూ కలిపి ఐదుకు మించకుండా రాయి. ప్రతిరోజూ రాయమని కొందరు చెబుతారు, నేను చెప్పను. రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకలో 2003లో ప్రచురించిన పరిశోధనలో, కృతజ్ఞత కలిగించిన విషయాలను వారానికోసారి, ఐదుకు మించకుండా రాసిన విద్యార్థులు, చికాకులను రాసిన వారికంటే తమ జీవితం పట్ల ఎక్కువ తృప్తితో ఉన్నట్టు తేలింది. వారానికి మూడుసార్లు రాసిన వారికంటే ఒక్కసారి రాసిన వారికే మేలు జరిగినట్టు సోన్యా ల్యుబోమిర్స్కీ బృందం గమనించింది. నాకు ఇది వింతగా తోచలేదు. రోజూ రాయవలసి వస్తే మూడో రోజుకే మనం "ఆరోగ్యం, కుటుంబం, అన్నం" అని హాజరు పట్టీ నింపినట్టు నింపేస్తాము, అటువంటి రాతలో మనసు ఉండదు.

ఏం రాయాలన్నది ఎంత ముఖ్యమో, ఎలా రాయాలన్నది అంతకంటే ముఖ్యం. "కొండెక్కాను" అని రాస్తే అది సమాచారం మాత్రమే. 2,388 మెట్లున్న ఆ దారిలో ఎక్కడ కాళ్లు వణికాయి, ఎక్కడ వెనక్కి దిగిపోదామనిపించింది, ఎవరు మంచినీళ్ల సీసా అందించారు, ఏ మలుపు దగ్గర మళ్లీ ఊపిరి అందింది అన్నవి రాయి. మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగిస్తూ ఎక్కే ఆడవాళ్లను నువ్వు చూసే ఉంటావు. పైన దర్శనం కానున్నదని వారు కింద మెట్టును వదిలిపెట్టరు. అది మొక్కుబడి, నేను చెప్పేది అలవాటు, రెండూ ఒకటి కావు. కానీ దాటివచ్చిన ప్రతి మెట్టునూ లెక్కలోకి తీసుకోవచ్చన్న సంగతి మన ఊళ్లలో ఎవరూ కొత్తగా నేర్చుకోవలసినది కాదు.

ప్రతి పద్దు కింద మరొక వాక్యం కూడా ఉండాలి, అది ఎందువల్ల జరిగిందో చెప్పే వాక్యం. మార్టిన్ సెలిగ్మన్, ఆయన సహచరులు 2005లో ప్రచురించిన ప్రయోగంలో, వారం రోజుల పాటు రాత్రిపూట మూడు మంచి సంగతులను రాసి, ఒక్కొక్కటి ఎందుకు జరిగిందో కూడా రాసినవారిలో ఆరు నెలల తరువాత కూడా సంతోషం పెరిగి ఉన్నట్టు కనిపించింది. ఈ "ఎందువల్ల" అన్న ప్రశ్నే మొత్తం పనిలో కీలకమని నా అభిప్రాయం. నీ నాలుగో తరగతి పిల్లవాడి విషయమే చూడు. వాడికి తీసివేతలు ఎందువల్ల వచ్చాయి? నువ్వు పలకను పక్కన పెట్టి చింతగింజలను పదేసి కుప్పలుగా పోసి చూపించావు కనుక. ఆ ఉపాయం నీకు ఎందువల్ల తోచింది? చిన్నప్పుడు నీకు లెక్కలు చెప్పిన మాస్టారు అలాగే చూపించారు కనుక. బడి అయ్యాక అరగంట ఎందువల్ల ఉండగలిగావు? నీ తోటి ఉపాధ్యాయిని నీ ట్యూషన్ పిల్లలను ఆ కాసేపు చూసుకుంది కనుక. ఇలా రెండు మూడు మెట్లు వెనక్కి వెళితే, నీ శ్రమ నీకు స్పష్టంగా కనిపిస్తుంది, దాని పక్కనే మరొకరి పేరు కూడా కనిపిస్తుంది. కృతజ్ఞత అక్కడే పుడుతుంది. బలవంతంగా తెచ్చుకోబోతే రాదు.

రోజువారీ సంతోషాల సంగతి వేరు. వాటికి ఇంత విచారణ అక్కర్లేదు. వానాకాలంలో కపిలతీర్థం దగ్గర కొండమీది నుంచి నీళ్లు దూకుతున్నప్పుడు ఫోను సంచిలో పెట్టి ఆ చల్లదనంలో కాసేపు ఊరికే నిలబడు, వేడి సంకటి మీద వేరుశనగ ఊరుబిండి వేసుకున్నప్పుడు మొదటి ముద్దనైనా మరుసటి రోజు పాఠం గురించి ఆలోచించకుండా తిను. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

నీకు రెండు సందేహాలు వస్తాయని నాకు తెలుసు, ఎందుకంటే మన ఇంట్లో అవి అందరికీ ఉన్నవే. మంచి సంగతి బయటికి చెబితే దిష్టి తగులుతుందని మీ జేజి పరీక్ష పాసైన మనవడి చేత కూడా "ఏదో అలా పాసయ్యాను" అనిపించేది. దిష్టి మాట ఎలా ఉన్నా, మంచిని తక్కువ చేసి చెప్పీ చెప్పీ చివరికి మనమే దాన్ని నమ్ముతాము. నోటుపుస్తకానికి దిష్టి తగలదు కనుక అందులో నిజం రాయి. రెండోది, ఇది ఆత్మస్తుతి అవుతుందేమోనన్న భయం. గాండీవాన్ని అవమానించిన వారిని చంపుతానన్న ప్రతిజ్ఞ వల్ల, చంపడానికి బదులుగా అన్ననే నిందించవలసి వచ్చి, ఆ బాధతో ప్రాణం తీసుకోబోయిన అర్జునుడికి, నీ గొప్పలు నువ్వే చెప్పుకో, అది చావుతో సమానమని శ్రీకృష్ణుడు ఉపాయం చెప్పిన కథ నీకు తెలుసు. అక్కడ తప్పు పట్టినది నలుగురి ముందు గొప్పలు చెప్పుకోవడాన్ని. చేసిన పనిని ఉన్నది ఉన్నట్టు, సాయపడిన వారి పేర్లతో సహా రాసుకుంటే అది గొప్పలు చెప్పుకోవడం ఎలా అవుతుంది?

ఒక హెచ్చరిక కూడా చేయాలి. నువ్వు పనిచేసే బడిలో రెండు నెలల జీతం బాకీ ఉందని రాశావు. ఉద్యోగం ఉన్నందుకే సంతోషించమని నీకు ఎవరైనా చెబితే, ఆ మాటను కృతజ్ఞత అనుకోకు. అది నీ నోరు మూయించే పద్ధతి. పిల్లవాడికి తీసివేతలు వచ్చినందుకు సంతోషిస్తూనే, జీతం కోసం తోటివారితో కలిసి గట్టిగా అడగవచ్చు. జమ రాసినంత మాత్రాన రావలసిన బాకీ రద్దు కాదు. అలాగే, వారాల తరబడి నిద్ర పట్టక, దేనిమీదా మనసు నిలవకపోతే నోటుపుస్తకాన్ని నమ్ముకొని కూర్చోకుండా వైద్యుడిని చూడాలి, లేదా కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఫోను చేయాలి. దాచుకోవలసిన విషయం కాదది.

నెల గడిచాక పుస్తకం తిరగేసి, ఎక్కువసార్లు ఎవరి పేరు వచ్చిందో చూడు. ఆ మనిషికి ఒక ఉత్తరం రాయి, వీలైతే స్వయంగా వెళ్లి చదివి వినిపించు. సెలిగ్మన్ ప్రయోగంలో అన్నిటికంటే ఎక్కువ సంతోషం కలిగించినది ఇదే, అయితే ఆ ప్రభావం నెల రోజులే బాగా నిలిచింది కనుక, ఒక్కసారితో సరిపెట్టక అప్పుడప్పుడు చేయవలసిన పని. నీ విషయంలో ఆ పేరు లెక్కల మాస్టారిదే అవుతుందని నా అంచనా. ఆయన ఇప్పుడు పుత్తూరులో కొడుకు దగ్గర ఉంటున్నారు, తిరుపతి నుంచి బస్సులో వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. వెళ్లలేకపోతే కార్డు రాయి. పాత ఉద్యోగినిగా చెబుతున్నాను, యాభై పైసలకు ఇంతకంటే మంచి వస్తువు ఏదీ దొరకదు.

వచ్చే నెల తిరుపతి వస్తాను. నోటుపుస్తకం నాకు చూపించనవసరం లేదు, మీ అమ్మకు కూడా చూపించవద్దు. ఎవరో చదువుతారని తెలిస్తే రాత మారిపోతుంది.

ఇట్లు,
మీ పెద్దమ్మ