గ్లాసులో నీళ్లు ఎందుకు ఎర్రబడ్డాయి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం తాగే నీళ్ల గురించే. అందుకే ఆ జవాబుకు ఎక్కువ చోటు ఇచ్చాను. కొత్తగా చదువుతున్నవారి కోసం ఒక మాట: ముప్పై ఏళ్లు జూనియర్ కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. మా నాన్నగారికి కోదాడలో రేడియో రిపేరు షాపు ఉండేది. ఏ వస్తువైనా మూత విప్పి లోపల ఏం జరుగుతోందో చూడాలన్నది ఆయన నేర్పిన అలవాటే.

ప్రశ్న: అమ్మా, పోయిన వారం ఒకబ్బాయి మా ఇంటికొచ్చి మా కుళాయి నీళ్లు ఒక గ్లాసులో, ఆర్ఓ నీళ్లు ఇంకో గ్లాసులో పోసి, రెండింట్లోనూ కడ్డీలు ముంచి కరెంటు ఇచ్చాడు. రెండు నిమిషాల్లో మా నీళ్లు బురద అయిపోయాయి. ఆర్ఓ నీళ్లకు ఏమీ కాలేదు. “మీ పిల్లలు రోజూ తాగేది ఇదేనండీ” అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మిషను పదహారు వేలు. కొనమంటారా? – ఒక గృహిణి, తెనాలి

జవాబు: అమ్మా, మీరు చూసిన బురద మీ కుళాయిలోంచి రాలేదు. ఆ కడ్డీల్లోంచి వచ్చింది.

ఆ పరికరంలో ఒకటి ఇనుప కడ్డీ, ఇంకోటి అల్యూమినియం కడ్డీ ఉంటాయి. కరెంటు పారినప్పుడు ఇనుము కొద్దికొద్దిగా కరిగి నీళ్లలోకి దిగుతుంది, అక్కడే తుప్పుగా మారుతుంది. మీరు చూసిన ఎరుపు ఆ తుప్పుదే. ఇక కరెంటు పారాలంటే నీళ్లలో లవణాలు ఉండాలి. కుళాయి నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం వంటి లవణాలు సహజంగానే ఉంటాయి కాబట్టి కరెంటు బాగా పారుతుంది, కడ్డీ గబగబా కరుగుతుంది. ఆర్ఓ మిషను లవణాలనే తీసేస్తుంది. అందుకని ఆ గ్లాసులో కరెంటు పెద్దగా పారదు, కడ్డీ కరగదు, నీళ్లు తేటగా ఉంటాయి. రెండు గ్లాసుల్లో ఏది మంచిది, ఏది చెడ్డది అన్నది ఈ పరీక్షలో తేలదు. దేనిలో కరెంటు ఎక్కువ పారిందన్నదే తేలుతుంది.

రెండేళ్ల కిందట మా ఇంటికీ ఇలాగే ఒకబ్బాయి వచ్చాడు. కడ్డీలు ముంచకముందే, అతని ఆర్ఓ గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి కలపమన్నాను. కలిపాడు. స్విచ్ వేసిన అర నిమిషానికి ఇనుప కడ్డీ చుట్టూ పల్చటి ఆకుపచ్చ తెర దిగింది. తర్వాత పసుపు తిరిగింది, ఆ తర్వాత ఇటుక రంగు. పైన నురగ కట్టింది. మా కుళాయి గ్లాసు కంటే ఆ గ్లాసే ముందు చిక్కబడింది. ఆ పిల్లాడు చాలాసేపు దానివైపే చూస్తూ ఉండిపోయి, “ట్రైనింగులో మాకు ఇది చెప్పలేదు మేడమ్” అన్నాడు. బీకాం చదివాడట, మా స్టూడెంట్ల వయసే. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, కాగితం మీద బొమ్మ గీసి చెప్పి పంపాను. అతని మీద నాకు కోపం లేదు. ఆ పెట్టె చేతికిచ్చి, తల్లుల భయాన్ని అమ్ముకు రమ్మని ఇళ్ల మీదికి పంపినవాళ్ల మీద మాత్రం ఇప్పటికీ ఉంది. (ఆ పరికరం నేరుగా ప్లగ్గుకి పెట్టేది. ఉప్పు అతనితోనే, స్విచ్ వేయకముందే వేయించండి. గ్లాసులో మీరు వేలు పెట్టొద్దు.)

మరి ఆర్ఓ అక్కర్లేదా అంటే, ఎక్కడ ఏ నీళ్లు అన్నదాన్ని బట్టి ఉంటుంది. నీళ్లలో కరిగిన లవణాల మొత్తాన్ని టీడీఎస్ అంటారు. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఉంటే మంచిదే. వేరే దారి లేనిచోట 2000 వరకు ఒప్పుకుంటారు. కాల్వ నీళ్లు, నది నీళ్లు శుద్ధిచేసి ఇచ్చే మునిసిపాలిటీల్లో చాలా చోట్ల 500 లోపే ఉంటుంది. పెన్నులా ఉండే టీడీఎస్ మీటరు రెండు మూడొందలకు దొరుకుతుంది, మీరే చూసుకోవచ్చు. 500 లోపు ఉంటే సూక్ష్మజీవుల గురించి ఆలోచించాలి గానీ లవణాల గురించి కాదు. అందుకు యూవీ ఫిల్టరు చాలు, లేదంటే కాచి చల్లార్చుకుంటే చాలు. ఆర్ఓ ఒక బిందె మంచినీళ్లు ఇవ్వడానికి రెండు మూడు బిందెలు బయటికి వదిలేస్తుంది. అవసరం లేని ఇంట్లో అదంతా దండగే. ఉప్పునీటి బోరు తప్ప గతిలేని ఊళ్లో అయితే కొనండి. ఆ వదిలేసే నీళ్లను బకెట్లో పట్టి ఇల్లు తుడవడానికి, బాత్రూములు కడగడానికి వాడండి.

ఇంకొక్క మాట చెప్పకుండా ముందుకు పోలేను. టీడీఎస్ మీటరులో అంకె తక్కువగా ఉంది కదా అని బోరు నీళ్లు తాగేయకండి. ఆ మీటరు ఫ్లోరైడును విడిగా చూపించదు, సూక్ష్మజీవుల్ని అసలే చూపించదు. మాది నల్లగొండ ప్రాంతం. మా మేనత్త ముప్పై అయిదేళ్లకే నడుము వంగిపోయి, తల ఎత్తి ఎదుటి మనిషి ముఖం చూడలేక నేల చూస్తూ మాట్లాడేది. ఆమె తాగిన బావి నీళ్లు అద్దంలా ఉండేవి, రుచికి తియ్యగా కూడా ఉండేవి. లీటరుకు ఒక మిల్లీగ్రాము, మహా అయితే ఒకటిన్నర దాటకూడని ఫ్లోరైడు కంటికీ నాలుకకూ తెలియదు. ఫ్లోరైడు ఎక్కువై ఎముకలు పాడయ్యే ఈ జబ్బును (ఫ్లోరోసిస్) మన దేశంలో మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తేర్చే పద్ధతికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ‘నల్లగొండ టెక్నిక్’. మా జిల్లా పేరు సైన్సు పుస్తకాల్లోకి ఎక్కింది ఇలా. బోరు నీళ్లు తాగే ప్రతివారూ ఒక్కసారైనా ల్యాబులో ఫ్లోరైడు పరీక్ష చేయించాలి. భయపడాల్సిన చోట భయపడాలి కాబట్టే, భయపడక్కర్లేని చోట ఎవరో గ్లాసులో తుప్పు చూపించి భయపెడితే నాకు అంత బాధ.

ప్రశ్న: దుబాయ్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి పోతున్నా. ఇరవై వేల ఎంఏహెచ్ పవర్ బ్యాంకు కొన్న. నా ఫోను బ్యాటరీ అయిదు వేలు. లెక్క ప్రకారం నాలుగు సార్లు ఎక్కాలె, రెండున్నర సార్లకే అయిపోతుంది. మోసపోయిన్నా? విమానంల పోనిస్తరా? – ఒక పాఠకుడు, ఆర్మూరు

జవాబు: మోసం లేదన్నా. ఆ ఇరవై వేలు లోపలి బ్యాటరీ లెక్క, దాని వోల్టేజి 3.7. బయటికి వచ్చేది 5 వోల్టులు. బిందెలో నీళ్లు అవే అయినా చెంబు పెద్దదైతే తక్కువ చెంబులు వస్తాయి కదా, అలాగే 5 వోల్టుల దగ్గర ఇరవై వేలు కాస్తా 14,800 అవుతుంది. ఫోను ఆ 5 వోల్టుల్ని మళ్లీ తన బ్యాటరీ వోల్టేజికి దించుకుంటుంది. ఇలా పెంచేటప్పుడూ దించేటప్పుడూ కొంత వేడిగా పోతుంది, మీకు తగ్గింది ముఖ్యంగా అందుకే. పెట్టె వెనక చిన్న అక్షరాల్లో ‘రేటెడ్ కెపాసిటీ’ అని ఇంకో అంకె ఉంటుంది, చూడండి. బయటికి వచ్చేది ఎంతో చెప్పేది, కొనేముందు చూడాల్సింది అది. దాన్ని పెద్ద అక్షరాల్లో వేయమని కంపెనీలను గట్టిగా అడగాలని నా అభిప్రాయం.

విమానంలో 100 వాట్-అవర్ల లోపు ఉంటే తీసుకెళ్లనిస్తారు. మీది ఇరవై వేల ఎంఏహెచ్, అంటే 20 ఆంపియర్-అవర్లు, దాన్ని 3.7తో గుణిస్తే 74. సరిపోయింది. కానీ తప్పకుండా చేతి సంచిలోనే పెట్టుకోండి, చెక్-ఇన్ సూట్‌కేసులో వద్దు. కింద సామాన్ల అరలో మంట పుడితే చూసేవాళ్లు ఉండరు. విమానంలో కూర్చున్నాక దాన్ని వాడనివ్వని సంస్థలూ ఉన్నాయి, టికెట్టు తీసిన చోట ఒకసారి అడగండి.

ప్రశ్న: మా అత్తగారి ఫోను వెనక మూత కొంచెం లేచింది. బల్ల మీద పెడితే గిరగిరా తిరుగుతోంది. మూత నొక్కి రబ్బరు బ్యాండు వేశాం, పనిచేస్తూనే ఉంది. పర్వాలేదా? – ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: పర్వాలేదు కాదమ్మా, ఈ పత్రిక పక్కన పెట్టి ముందు ఆ రబ్బరు బ్యాండు తీసేయండి. చార్జింగు పెట్టకండి. ఆఫ్ చేసి, మంచానికి, బట్టలకు దూరంగా గచ్చు మీద పెట్టండి. రేపు ఉదయమే సర్వీసు సెంటరుకి తీసుకెళ్లండి.

లిథియం బ్యాటరీ లోపల రాగి రేకు, అల్యూమినియం రేకు, వాటి మధ్య చాలా పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటాయి. మామిడి తాండ్రలో పొరల్లా ఒకదాని మీద ఒకటి. వాటి మధ్య ఉండే ద్రవం వేడికీ వయసుకీ చెడి గ్యాసు అవుతుంది, పొట్ట ఉబ్బేది అందుకే. మీరు బ్యాండు వేసి నొక్కితే ఆ పల్చటి పొర చిరగవచ్చు. చిరిగితే రెండు రేకులూ తగులుకుంటాయి, మంట పుడుతుంది. సూదితో పొడిచి గ్యాసు వదిలేయాలని మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు. మా ఇంట్లో ట్యాబు ఇలాగే ఉబ్బినప్పుడు, ఒక షాపతను మూత నొక్కి జిగురు పెట్టి ఇచ్చేశాడు. నాలుగు రోజులకు మళ్లీ లేచింది, ఈసారి అద్దం కూడా పగిలింది. బ్యాటరీ మార్చకుండా మూత అతికించే చోటికి వెళ్లకండి.

కొత్త బ్యాటరీ వేయించాక, ఫోను దిండు కింద పెట్టి, రాత్రంతా నూరు శాతం మీద ఉంచి చార్జింగు పెట్టొద్దని అత్తగారికి చెప్పండి. చాలా ఫోన్లలో 80 శాతం దగ్గర ఆపే సెట్టింగు ఉంది. పూర్తిగా అయిపోయాకే చార్జింగు పెట్టాలన్న పాత మాట నికెల్-కాడ్మియం బ్యాటరీల కాలం నాటిది. దీనికి అది చేటు.

ప్రశ్న: ఇంట్లో ఆరు ఫ్యాన్లూ తీసేసి బీఎల్‌డీసీ ఫ్యాన్లు వేయించమని మా అల్లుడు అంటున్నాడు. నిజంగా కలిసొస్తుందా? – ఒక రిటైర్డ్ ఉద్యోగి, కర్నూలు

జవాబు: ఆరూ వద్దు. ఎక్కువసేపు తిరిగేవి ఏవో చూడండి. పాత ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న ఈ బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు అనుకుందాం. రోజుకు 16 గంటలు తిరిగితే నెలకు ఇరవై యూనిట్లకు పైనే మిగులుతుంది. హాల్లోదీ, మీరు పడుకునే గదిలోదీ మార్చండి. చుట్టాలొస్తేనే వేసే గదిలో ఫ్యానుకు మూడు వేలు ఎందుకు? పాత రెగ్యులేటరు మాత్రం తీసేయించండి, దీనికి అది పనికిరాదు. మిగతా ఫ్యాన్లలో ఏదైనా నెమ్మదిగా తిరుగుతుంటే ముందు కండెన్సరు మార్పించండి. చిన్న ఖర్చు. చాలా ఫ్యాన్లు దాంతోనే బాగుపడతాయి, ఎలక్ట్రీషియన్లకు ఈ సంగతి తెలుసు.

ప్రశ్న: టీచర్ గారూ, మా నాన్న పాత ఫోను అలమరలో పడేసి, “అయిదేళ్లు దాటితే ఏ వస్తువూ పనిచేయదు” అన్నారు. మరి 1977లో నాసా పంపిన వాయేజర్ అంతరిక్ష నౌక ఇంకా ఎలా పనిచేస్తోంది? – తొమ్మిదో తరగతి విద్యార్థి, ఆదిలాబాద్

జవాబు: బాబూ, నీ ఉత్తరం మూడుసార్లు చదువుకున్నాను.

మీ నాన్నగారి మాటలో కొంత నిజం ఉంది. ఫోనులో బ్యాటరీ ఒక రసాయనం, కొన్ని వందల చార్జింగుల తర్వాత నీరసపడుతుంది. కంపెనీ భద్రతా అప్‌డేట్లు ఆపేశాక అందులో బ్యాంకు పనులు చేయడం క్షేమం కాదు. వాయేజర్‌లో చార్జింగు పెట్టే బ్యాటరీయే లేదు. ప్లుటోనియం వేడి నుంచి కరెంటు తీస్తుంది. ప్లుటోనియం-238 సగం తరగడానికి దాదాపు 88 ఏళ్లు పడుతుంది. అయినా ఏడాదికి నాలుగు వాట్ల చొప్పున శక్తి తగ్గుతూనే ఉంది. అందుకే ఒక్కో హీటరూ, ఒక్కో పరికరమూ ఆపుకుంటూ వస్తున్నారు.

కానీ అది తనంతట తాను బతకలేదు, బాగుచేస్తూ బతికించారు. 2023 నవంబరులో, రెండు వాయేజర్లలో ఒకటైన వాయేజర్-1 అర్థంలేని అంకెలు పంపడం మొదలుపెట్టింది. వెతికితే, సమాచారాన్ని సర్దే కంప్యూటరులో ఒక్క చిప్ పాడైందని తేలింది. ఆ కంప్యూటరు జ్ఞాపకశక్తిలో మూడు శాతం పోయింది. చిప్ మార్చడానికి ఎవరూ వెళ్లలేరు, అప్పటికే అది 2,400 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. అప్పుడు అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ ఇంజినీర్లు దశాబ్దాల నాటి కాగితాలు తిరగేశారు. ఆ చిప్‌లో ఉన్న ప్రోగ్రామును ముక్కలు చేసి, మిగిలిన జ్ఞాపకశక్తిలో ఎక్కడ కాస్త ఖాళీ దొరికితే అక్కడ సర్దారు. ఎందుకంటే మొత్తం పట్టేంత ఖాళీ ఒక్కచోట లేదు. ఆ నౌకలోని కంప్యూటర్లన్నింటికీ కలిపి ఉన్న చోటు సుమారు 70 కిలోబైట్లు. నీకు వాట్సాప్‌లో వచ్చే ఒక ఫోటో కూడా అందులో పట్టకపోవచ్చు.

2024 ఏప్రిల్ 18న మొదటి ముక్కను మార్చమని ఆదేశం పంపారు. కబురు అక్కడికి చేరడానికి ఇరవై రెండున్నర గంటలు, జవాబు తిరిగి రావడానికి ఇంకో ఇరవై రెండున్నర. ఏప్రిల్ 20న చదవగలిగే అంకెలు వచ్చాయి. మా నాన్నగారు ఉండి ఉంటే ఈ వార్త ఆయనకు చదివి వినిపించేదాన్ని. పాడైన రేడియో వాల్వుకు బదులు ఇంకోటి దొరకని రోజుల్లో, వేరే రకం వాల్వుతో ఆ పని ఎలా చేయించాలా అని రాత్రి పదింటిదాకా టేబుల్ ల్యాంపు కింద కూర్చునేవారు ఆయన.

నువ్వు ఆదివారం ఒక పని చెయ్యి. ముందు బల్ల మీద పెట్టి ఆ ఫోను ఉబ్బలేదు కదా అని చూడు. బాగానే ఉంటే నాన్నగారిని వెంటబెట్టుకుని షాపుకెళ్లి కొత్త బ్యాటరీ ధర అడగండి. వేయించాక బ్యాంకు యాప్‌లన్నీ తీసేసి, వీడియో పాఠాలకూ ఆకాశపటం యాప్‌కూ వాడుకో. వాయేజర్-1 ఉన్న వైపు ఓఫియూకస్ అనే నక్షత్రరాశి. ఎండాకాలం రాత్రుళ్లు మేడ మీద నుంచి కనిపిస్తుంది. షాపులో బ్యాటరీకి ఎంత అడిగారో, ఫోను ఎలా పనిచేస్తోందో నాకు తప్పకుండా రాయి.